మౌనక్రీడ విఫలమైన రోజు: శిశు ఉపాధ్యాయ శిక్షణలో విస్మృతమైన రెండవ దశ

గిజూభాయి బధేకా రచించిన 'దివాస్వప్న' ఒక పరాజయంతో మొదలవుతుంది. విద్యాధికారిని ఒప్పించి, ఏడాదిపాటు ప్రయోగం చేసుకోవడానికి నాలుగవ తరగతిని అడిగి తీసుకున్న ఉపాధ్యాయుడు తొలిరోజున పిల్లలచేత మౌనక్రీడ ఆడించబోతాడు. అందరూ నిశ్శబ్దంగా కూర్చోవాలి, చుట్టుపక్కల శబ్దాలను చెవియొగ్గి వినాలి. ముందురోజు రాత్రి అతడు వేసుకున్న పథకం అది. పిల్లలు కూర్చోరు. ఒకడు ఒక కూత కూస్తే ఇంకొకడు మరొకటి అందుకుంటాడు. తరగతి గోలగోల అవుతుంది. ఉపాధ్యాయుడు పిల్లలను వేళకు ముందే ఇంటికి పంపి, ప్రధానోపాధ్యాయుని అసంతృప్తిని మూటగట్టుకొని వెనుదిరుగుతాడు. మరునాడు అతడు పథకం పట్టుకొని రాడు, కథ పట్టుకొని వస్తాడు. ఆ కథకు పిల్లలు కూర్చుంటారు.

భారతీయ విద్యారచనల్లో ఈ ఘట్టానికి ఉన్న ప్రసిద్ధి తక్కువది కాదు. అయితే దీనిని సాధారణంగా పాత పద్ధతిపై కొత్త పద్ధతి సాధించిన విజయానికి నాందిగా చదువుతారు. ఆ పఠనంలో ఒక లోపం ఉంది. తొలిరోజున విఫలమైనది పాత పద్ధతి కాదు, బెత్తమూ కాదు, వల్లెవేయించడమూ కాదు. విఫలమైనది మాంటిస్సోరి పద్ధతికి చెందిన క్రీడ, అంటే ఆనాటికి అత్యాధునికమైన శిశువిద్యా శాస్త్రం నుండి తెచ్చుకున్న అంశం. పుస్తకం చదివి, నమ్మి, సిద్ధపడి వచ్చిన వ్యక్తి చేతిలో అది విఫలమైంది. శిశు ఉపాధ్యాయులుగా శిక్షణ పొందుతున్న కళాశాల విద్యార్థుల గురించి ఆలోచించేవారికి ఈ వివరమే ముఖ్యం. ఎందుకంటే ఛాత్రోపాధ్యాయులు మొదటిసారి పిల్లల ముందు నిలబడినప్పుడు సరిగ్గా అదే స్థితిలో ఉంటారు. వారి చేతిలో పుస్తకం ఉంటుంది, నమ్మకం ఉంటుంది, రాసుకున్న పాఠ్యపథకం ఉంటుంది. ఎదురుగా కూత కూసే పిల్లలు ఉంటారు.

మాంటిస్సోరి చెప్పిన మూడు దశలు

'దివాస్వప్న' 1930ల తొలినాళ్ళలో గుజరాతీలో వెలువడింది. న్యాయవాదవృత్తిని వదిలి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరిన గిజూభాయి, 1920లో అక్కడ బాలమందిరాన్ని స్థాపించి, కొద్ది సంవత్సరాలకే ఉపాధ్యాయుల శిక్షణకు అధ్యాపన మందిరాన్ని కూడా ప్రారంభించారు. ఆయన 1939 జూన్‌లో మరణించారు. అదే ఏడాది నవంబరులో మరియా మాంటిస్సోరి మద్రాసు చేరి, అడయారులోని దివ్యజ్ఞాన సమాజ ప్రాంగణంలో తాటాకు పందిళ్ళ కింద సుమారు 300 మందికి శిక్షణ ఇచ్చారు. తన గ్రంథాలను గుజరాతీ జీవితానికి అనువుగా మలిచిన మనిషి ఐదు నెలల ముందే కన్నుమూశారన్న సంగతి భారతీయ శిశువిద్యా చరిత్రలోని చిన్న విషాదం.

యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండిపోయిన మాంటిస్సోరి, యుద్ధానంతరం అహమ్మదాబాదు శిక్షణ తరగతుల్లో ఇచ్చిన ఉపన్యాసాల ఆధారంగా 'ది అబ్జార్బెంట్ మైండ్' 1949లో అడయారు నుండే వెలువడింది. ఆ గ్రంథం చివరి భాగంలో ఉపాధ్యాయురాలి సంసిద్ధతను ఆమె మూడు దశలుగా వివరించారు. మొదటి దశలో ఉపాధ్యాయురాలు పరిసరాల సంరక్షకురాలు. గది, సామగ్రి, శుభ్రత, క్రమం, తన వేషభాషలు కూడా అందులో భాగమే. మూడవ దశలో పిల్లలకు ఏదో ఒక పనిపై మనసు లగ్నమవుతుంది. అప్పుడు ఆమె జోక్యం చేసుకోకూడదు, చూపు కూడా భారం కాకుండా తప్పుకోవాలి. ఈ రెండూ అందరికీ తెలిసినవే. మాంటిస్సోరి శిక్షణ అనగానే స్ఫురించేవి కూడా ఇవే: అల్మారాలో అమర్చిన సామగ్రి, మూలన కూర్చొని పరిశీలన రాసుకునే ఉపాధ్యాయురాలు.

వీటి నడుమ ఉన్నది రెండవ దశ. పిల్లలు ఇంకా చెల్లాచెదరుగా ఉన్నారు, ఏ పనీ వారిని పట్టి నిలపలేదు. అప్పుడు ఉపాధ్యాయురాలు వారిని తనవైపు లాగుకోవాలి. కథ చెప్పవచ్చు, పాట పాడవచ్చు, ఆట ఆడించవచ్చు, పద్యం చదవవచ్చు, గోలను ధైర్యంగా ఆపవచ్చు కూడా. పసిపిల్లలకు అద్భుతకథలు చెప్పడంపై తీవ్రమైన అభ్యంతరాలున్న మాంటిస్సోరి, ఇక్కడ కథకు చోటు ఇవ్వడం గమనించదగినది. ఏకాగ్రత పుట్టకముందు ఉపాధ్యాయురాలికి మిగిలే సాధనం ఆమె గొంతు ఒక్కటేనని ఆమెకు అనుభవం చెప్పి ఉంటుంది.

ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివితే 'దివాస్వప్న'లోని తొలి పరాజయం స్పష్టమవుతుంది. మౌనక్రీడ మూడవ దశకు చెందినది. అప్పటికే కుదురుకున్న పిల్లల సమూహం తన కుదురును తానే ఆస్వాదించే ఆట. గిజూభాయి కథానాయకుడు ఆ దశతో మొదలుపెట్టి దెబ్బతిన్నాడు. మరునాడు రెండవ దశకు దిగివచ్చి నిలబడ్డాడు. పుస్తకం తప్పు చెప్పలేదు. పుస్తకంలోని ఏ పుట ఏ రోజుకు పనికివస్తుందో పుస్తకం చెప్పలేదు, అంతే.

నేటి శిశు ఉపాధ్యాయ శిక్షణ పాఠ్యక్రమాలలో మొదటి, మూడవ దశలు దండిగా ఉన్నాయి. బోధనాభ్యసన సామగ్రి తయారీకి మార్కులున్నాయి. శిశు పరిశీలన నివేదికకు మార్కులున్నాయి. వికాస సిద్ధాంతాలకు ప్రశ్నపత్రాలే ఉన్నాయి. రెండవ దశకు ఉన్నది 'గేయాలు, కథలు, ఆటలు' అనే ఒక ఉపశీర్షిక. దాని ఫలితం ఒక దస్త్రం. నాలుగు గేయాలు, నాలుగు కథలు చక్కని చేతిరాతతో, రంగుబొమ్మలతో అందులో ఉంటాయి. అవి ఎవరికైనా వినిపించారా, విన్నవారు ఏం చేశారు అన్న దానికి ఆ దస్త్రంలో గడి ఉండదు.

కథ: శాస్త్రమా, సహజప్రతిభా?

కథ చెప్పడం సహజంగా రావాలి, నేర్పితే వచ్చేది కాదన్న నమ్మకం ఉపాధ్యాయ విద్యలో బలంగా ఉంది. ఈ నమ్మకాన్ని గిజూభాయి అంగీకరించలేదు. పిల్లలు 'మీసాల తల్లి' అని పిలుచుకున్న ఆ మనిషి, కథ చెప్పడంపై 'వార్తా ను శాస్త్ర' అనే ప్రత్యేక గ్రంథమే రాశారు. కథల ఎంపిక, చెప్పే తీరు, కథకూ నీతిబోధకూ ఉన్న సంబంధం వంటివి అందులో చర్చించారు. పేరులోనే 'శాస్త్రం' ఉంది. అది నేర్వదగినది, నేర్పదగినది అన్న అభిప్రాయం అందులోనే ఇమిడి ఉంది.

ఆ దృష్టితో తెలుగు పిల్లలందరికీ తెలిసిన ఏడు చేపల కథను చూడవచ్చు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తేవడం, వాటిలో ఒకటి ఎండకపోవడం, దానికి కారణం వెదుకుతూ గడ్డి, ఆవు, కాపరి, అవ్వ, పసిబిడ్డ మీదుగా చీమ దాకా పోవడం దాని కథాక్రమం. జానపద కథానిర్మాణంలో దీనిని శృంఖలాకథ అంటారు. పరిశోధకులకు ఇది రూపానికి సంబంధించిన వర్గీకరణ. శిశు ఉపాధ్యాయురాలికి మాత్రం పనిముట్టు. దీనిలో ప్రశ్న మారదు, అడిగించుకునేవారు మారుతారు. మూడవ మలుపుకల్లా ప్రశ్నను పిల్లలే అందుకుంటారు. ఉపాధ్యాయురాలు నోరు మూసుకున్నా కథ నడుస్తుంది. ప్రతి మెట్టులో ఒక కొత్త గొంతు అవసరమవుతుంది: ఆవుకొకటి, అవ్వకొకటి, చీమకొకటి. కథ చెప్పడం ఎన్నడూ చేయని విద్యార్థినికి కూడా ఈ నిర్మాణం చేయూతనిస్తుంది, ఎందుకంటే ఎక్కడ ఆగినా తరువాతి మెట్టు ఏదో ముందు మెట్టే చెబుతుంది. పెద్దకథను కంఠస్థం చేయలేని పిల్లలకూ పెద్దలకూ తరతరాలుగా జనం తయారుచేసి పెట్టిన ఊతకర్ర అది.

ఇందులో మరొక విశేషం ఉంది. ఈ కథలో అందరూ తప్పును పక్కవారిపైకి నెడతారు. చివరికి దొరికిన చీమ తప్పు ఒప్పుకోదు సరికదా, తన పుట్టలో వేలు పెడితే కుట్టడం తన ధర్మమన్నట్లు ఎదురుప్రశ్న వేస్తుంది. కథ అక్కడ ఆగిపోతుంది. చేప ఎండిందో లేదో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. నీతి లేదు. అయితే ఛాత్రోపాధ్యాయులు రాసే పాఠ్యపథకంలో 'కథలోని నీతి' అనే గడి ఉంటుంది. దానిని నింపకపోతే మార్కులు పోతాయి. కాబట్టి ఎవరి పని వారు సక్రమంగా చేయాలనో, ఇతరులపై నిందలు వేయరాదనో ఒక వాక్యం రాసి నింపుతారు. ఆ వాక్యాన్ని కథ చివర పిల్లలకు చెప్పి, ఇద్దరు ముగ్గురిచేత తిరిగి చెప్పించడంతో పాఠం 'మూల్యాంకనం' అవుతుంది. చీమ మాటకు నవ్వుతున్న పిల్లల ముందు నీతి చదివే ఆ క్షణంలో, అంతసేపూ కష్టపడి దగ్గరకు తెచ్చుకున్నవారు మళ్ళీ దూరంగా జరుగుతారు. ఇక్కడ విద్యార్థిని తప్పు ఏమీ లేదు. ఆమె పథకాన్ని అనుసరించింది.

నిజానికి పిల్లలతో మాట్లాడే తెలుగును బహిరంగంగా సాధన చేసిన చరిత్ర మనకు లేకపోలేదు. 'రేడియో అన్నయ్య' న్యాపతి రాఘవరావు, 'రేడియో అక్కయ్య' కామేశ్వరి ఆకాశవాణిలో నడిపిన పిల్లల కార్యక్రమాలు, 1945లో ప్రారంభించిన 'బాల' పత్రిక బాలసాహిత్య చరిత్రల్లో గౌరవంగానే కనిపిస్తాయి. కాని వాటిని బాలసాహిత్యంగా చదివినంతగా పిల్లలతో సంభాషించే కళకు ఆధారాలుగా చదవలేదు. అన్నయ్య, అక్కయ్య అన్న పిలుపులను ఎంచుకోవడంలోనే ఒక బోధనా నిర్ణయం ఉంది. మేష్టారు, టీచరు అనిపించుకోకుండా పిల్లల పక్కన చేరడానికి చుట్టరికాన్ని వాడుకున్నారు.

మార్కులు వేసే కళ్ళ ముందు

'దివాస్వప్న'ను శిక్షణ కళాశాలల్లో ఆదర్శగ్రంథంగా చదివించడం మంచిదే. కాని దాని కథానాయకుడికున్న వెసులుబాటును విమర్శకులు తరచుగా దాటవేస్తారు. అతడు విద్యావంతుడు, పురుషుడు, పై అధికారి అనుమతి ఉన్నవాడు. ప్రయోగం కోసం తనంతట తాను అడిగి వచ్చినవాడు. ఏడాది గడువు ఉంది. తొలిరోజున అతడు ఓడిపోయినప్పుడు ప్రధానోపాధ్యాయుడు విసుక్కున్నాడు తప్ప, అతని ఓటమికి పదికి మూడు మార్కులు వేయలేదు. రెండవరోజు అతనికి దొరికింది. ఆ రెండవరోజే ఆ పుస్తకానికి ప్రాణం.

బోధనాభ్యాసంలో ఉన్న విద్యార్థినికి పరిశీలనపాఠం నాడు రెండవరోజు లేదు. తరగతి వెనుక పర్యవేక్షకులు కూర్చుంటారు. వారి చేతిలో ఉన్న పత్రంలో ఉపోద్ఘాతం, ప్రదర్శన, నల్లబల్ల వినియోగం, మూల్యాంకనం వంటి అంశాలుంటాయి. మూడేళ్ళ పిల్ల మధ్యలో లేచి తన జడరిబ్బను చూపించడానికి వస్తే దానికి ఆ పత్రంలో అంశం లేదు. అది ఆటంకం. అందువల్ల తెలివైన విద్యార్థిని ఏం చేస్తుంది? ఓటమికి అవకాశం లేని పాఠాన్ని ఎంచుకుంటుంది. పిల్లలకు అంతకుముందే వచ్చిన గేయం, అంతకుముందే చూపిన చార్టు, జవాబు తెలిసిన ప్రశ్న. పాఠం సజావుగా సాగుతుంది. మార్కులు పడతాయి. ఆమె రెండవ దశను చూడకుండానే పట్టా పుచ్చుకుంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటివారం, ముప్పైమంది పిల్లల నడుమ ఒంటరిగా, తన 'దివాస్వప్న' తొలిరోజును ఆమె మొదటిసారి ఎదుర్కొంటుంది. అప్పుడు పక్కన అడగడానికి ఎవరూ ఉండరు. బెత్తం మాత్రం అందుబాటులో ఉంటుంది.

గిజూభాయి పుస్తకాన్ని ఆదర్శంగా చూపుతూనే ఆ పుస్తకంలోని ఓటమికి చోటులేని మూల్యాంకన పద్ధతిని కొనసాగించడం ఉపాధ్యాయ విద్యలోని పెద్ద వైరుధ్యం. దీనికి విరుగుడు పాఠ్యక్రమంలో మరో అధ్యాయాన్ని చేర్చడం కాదు. మార్కులు లేని వారాలు కావాలి. వినని పిల్లల గురించి, మధ్యలో తెగిపోయిన కథ గురించి ఛాత్రోపాధ్యాయులు నిర్భయంగా రాసే దినచర్య కావాలి. ఆ దినచర్యలో 'నేడు పిల్లలు వినలేదు' అన్న వాక్యం కనిపించకపోతే అధ్యాపకులు అనుమానించాలి.

ఇంటి మాట

రెండవ దశకు గొంతు సాధనమైనప్పుడు ఆ గొంతులోని భాష ఏది అన్న ప్రశ్న తప్పదు. కళాశాలకు వచ్చేసరికి శ్రీకాకుళం పల్లె నుండో, ఆదిలాబాదు పల్లె నుండో వచ్చిన విద్యార్థిని తన ఇంటి మాటను దాచుకోవడం నేర్చుకొని ఉంటుంది. శిక్షణలో ఆమెకు 'ప్రామాణిక' ఉచ్చారణపై సూచనలు అందుతాయి. ఆ తరువాత ఆమె వెళ్ళే కేంద్రంలోని పిల్లలు, ఆమె దాచుకున్న ఆ మాటే మాట్లాడుతుంటారు. ఉపాధ్యాయురాలికీ పిల్లలకూ ఉమ్మడిగా ఉన్న ఏకైక ఆస్తిని శిక్షణ ఆమె చేత వదిలింపజేసింది. ఇంగ్లీషు శిశుగేయాలను అర్థం తెలియకపోయినా అభినయంతో సహా అప్పగించడం నేర్చిన విద్యార్థినులు, తమ అవ్వ పాడిన లాలిపాటను తరగతిలో పాడడానికి సిగ్గుపడడం ఈ శిక్షణ సాధించిన పని.

గిడుగు రామమూర్తి సవరభాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు సిద్ధం చేసి, సవర పిల్లలకు బడులు నడిపారన్నది వ్యావహారిక భాషోద్యమానికి పూర్వరంగంగా అందరూ ప్రస్తావించే విషయం. దానిని ఉపాధ్యాయ విద్య కోణం నుండి చూస్తే క్రమం ముఖ్యమనిపిస్తుంది. ముందు నేర్చుకున్నది ఉపాధ్యాయుడు. నేర్పింది ఆ భాష మాట్లాడేవారు. పాఠం ఆ తరువాత వచ్చింది.

ఇదే క్రమం మహారాష్ట్రలో మరింత విస్తృతంగా కనిపిస్తుంది. గిజూభాయి సహచరిగా భావనగర్‌లో పనిచేసిన తారాబాయి మోడక్, 1945లో బోర్డీలో గ్రామ బాల శిక్షా కేంద్రాన్ని నెలకొల్పారు. అనూతాయి వాఘ్ అప్పటినుండి ఆమెతో కలిసి పనిచేశారు. తరువాత కేంద్రం కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడి వార్లీ ఆదివాసీ పిల్లలు బాలవాడికి రాకపోతే బాలవాడే వారి ముంగిలికి వెళ్ళింది. 'అంగన్‌వాడీ' అన్న పదం ఆ పని నుండే పుట్టింది. ఖరీదైన మాంటిస్సోరి సామగ్రి స్థానంలో గవ్వలు, గింజలు, రాళ్ళు, ఆకులు వచ్చాయి. ఈ మార్పును చవకైన ప్రత్యామ్నాయంగా మాత్రమే చెప్పడం అలవాటైంది. దాని లోతు వేరే చోట ఉంది. గింజకు వార్లీ పిల్ల దగ్గర పేరుంది, ఉపాధ్యాయురాలి దగ్గర లేదు. ఆ పేరు అడిగి తెలుసుకోవలసినది ఉపాధ్యాయురాలు. దుకాణంలో కొన్న సామగ్రితో ఆ తలకిందులు జరగదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ప్రారంభమైనప్పుడు 'అంగన్‌వాడీ' అన్న పేరు తీసుకుంది. ఆ పేరు వెనుకనున్న శిక్షణ పద్ధతిని అంతే శ్రద్ధగా తీసుకున్నదని చెప్పడం కష్టం.

ఆరు నెలలు, ఒక చరవాణి

జాతీయ విద్యావిధానం 2020 మూడు నుండి ఎనిమిదేళ్ళ వయసును పునాదిదశగా గుర్తించి, శిశువిద్యను పాఠశాల విద్యలో అంతర్భాగం చేసింది. ఇంటి భాషలో బోధనను సమర్థించింది. ఇవి మెచ్చుకోవలసినవే. ఇంటర్మీడియట్ లేదా అంతకు మించి చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా అని కూడా నిర్దేశించింది. అయితే ఈ శిక్షణను డీటీహెచ్ చానళ్ళు, స్మార్ట్‌ఫోన్ల ద్వారా దూరవిద్యగా అందించవచ్చునని, తద్వారా కార్యకర్తల పనికి అంతరాయం కలగదని అదే పత్రం చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నప్పుడు ఈ ఏర్పాటుకున్న ఆచరణ సౌలభ్యం అర్థమవుతుంది. మొదటి దశను చరవాణిలో చూపవచ్చు. మూల ఎలా అమర్చాలో, గింజలను ఎలా వర్గీకరించాలో చూసి నేర్చుకోవచ్చు. రెండవ దశకు మాత్రం వినేవారు కావాలి. చరవాణి కథ చెబుతుంది. కార్యకర్త చెప్పిన కథను అది వినదు, పిల్లలు ఎక్కడ చెదిరారో చూడదు.

డిగ్రీ స్థాయిలో పరిస్థితి కొంత ఆశాజనకం. 2023-24 నుండి మొదలైన నాలుగేళ్ళ సమీకృత ఉపాధ్యాయ విద్యా కార్యక్రమంలో పునాదిదశకు ప్రత్యేక విభాగం ఉంది. దానిని బహుళశాస్త్ర విద్యాసంస్థల్లోనే నిర్వహించాలన్నది నియమం. అంటే శిశు ఉపాధ్యాయులు కాబోయే విద్యార్థులు చదివే ప్రాంగణంలోనే తెలుగుశాఖ కూడా ఉండగలదు. జానపద విజ్ఞానంలో దశాబ్దాలుగా పరిశోధనలు చేయించిన శాఖలవి. లాలిపాటలు, పొడుపుకథలు, ఆటపాటలు, శృంఖలాకథలపై సమర్పించిన సిద్ధాంతవ్యాసాలు వాటి గ్రంథాలయాల్లో ఉన్నాయి. వాటిని సేకరించినది చాలావరకు వృద్ధుల నోటినుండి. తిరిగి పిల్లల చెవికి చేర్చే మార్గం మాత్రం ఆ పరిశోధనల్లో భాగం కాలేదు.

మొదటి సంవత్సరం విద్యార్థి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తన ఊరిలో ఏడు చేపల కథను ముగ్గురు పెద్దల చేత చెప్పించుకొని, కాపరిని వారు ఏమని పిలిచారో, అవ్వ ఎందుకు బువ్వ పెట్టలేదన్నారో, చీమ గొంతును ఎలా మార్చారో రాసుకొని రావచ్చు. రెండవ సంవత్సరంలో అదే కథను ఆ ఊరి పిల్లలకు చెప్పి, వారు ఎక్కడ అడ్డుపడ్డారో నమోదు చేయవచ్చు. మొదటి పనికి పాఠాంతరాలను పరిశీలించే జానపద పరిశోధకుడు, రెండవదానికి పిల్లలను చూసే విద్యాశాఖ అధ్యాపకురాలు మార్గదర్శకులు కావలసి ఉంటుంది. ఈ ఇద్దరూ కలిసి బోధించే తరగతి ఇప్పటి కాలనిర్ణయ పట్టికలో ఏ శాఖ ఖాతాలో పడుతుందన్నది ముందుగా తేల్చవలసిన విషయం.